అవ్వ పలకని పేరు

మొన్న నర్సింగు చదివే పిల్లలు కొందరు మా ఇంటికొచ్చి కూచున్నారు. రిటైరై హిందూపురంలో ఒక మూల పడి ఉన్న ముసలి నర్సమ్మ దగ్గర పాత కబుర్లు తప్ప ఇంకేముంటాయి? మాటల్లో ఒక పిల్ల నవ్వుతా అడిగింది, ఈ మధ్య ఆడపిల్లలకు మొగపిల్లల పేర్లు పెడతాండారు, కిరణ్ అంట, శశి అంట, ఇదేం ఫ్యాషన్ మేడమ్ అని. ఫ్యాషనంట. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

నా సర్వీసంతా కాన్పు గదుల్లోనే గడిచింది. బిడ్డలు పుట్టేది ఎంత చూసినానో పేర్లు పుట్టేదీ అంతే చూసినా. నేను కొత్తగా పెనుకొండలో చేరినప్పుడు పేర్లకు ఎవరూ తలకాయ బద్దలు కొట్టుకునేవాళ్లు కాదు. మొగబిడ్డయితే తాత పేరు, ఆడబిడ్డయితే అవ్వ పేరు, లేదంటే ఇంటి దేవుడు. దేవుడు ఎవరైతేనేమి, చివర అప్ప తగిలిస్తే మొగోడు, అమ్మ తగిలిస్తే ఆడది. ఆ తర్వాత తర్వాత హిందూపురం పక్క శశి, కిరణ్ అనే మొగోళ్ల పేర్లు ఆడబిడ్డల ఉయ్యాలల్లోకి రావడం మొదలైంది. ఒక సంగతి మాత్రం గమనించినా. మొగ పేరు ఆడపిల్ల దగ్గరికి పోతాది గానీ మళ్లీ వెనక్కి రాదు. వీధిలో ఇద్దరు ఆడపిల్లలకు ఆ పేరు పెడితే చాలు, మూడో ఇంట్లో మొగబిడ్డ తండ్రి మొహం చిట్లిస్తాడు. 'అది ఆడోళ్ల పేరు గదమ్మా' అంటాడు. నిన్నటిదాకా అది వాళ్ల చిన్నాయన పేరే.

పిల్లలూ, మీకది ఫ్యాషను. ఒక పేరు మొగోళ్ల వరసలో నుంచి లేచి ఒక ఆడబిడ్డ ఉయ్యాల దాకా వచ్చేలోపల ఒక తల్లి ప్రాణం పోయి వచ్చింది. నేను పక్కనే ఉన్నా. ఆ సంగతి చెప్తా. ఎవరి పేరూ ఎత్తను. ఒక్క పేరు మాత్రం చెప్పక తప్పదు, అది లేకపోతే చెప్పేదానికి ఏమీ లేదు.

అరవైల మొదట్లో నన్ను ధర్మవరానికి మార్చినారు. ప్రసూతి కేంద్రమంటే పెద్దగా ఊహించుకోవద్దండి. ఒక గది, ఒక వసారా, నేను, ఒక ఆయా. ఆయమ్మ నాకన్నా పెద్దది, ముక్కుపొడుం మనిషి. నోరు మంచిది కాదు గానీ మనసు వెన్న. ఎవరి కష్టమూ చూడలేకపోయేది. చూడలేక అబద్ధాలు చెప్పేది. నొప్పులు పడే మనిషితో 'ఇంకొక్క నొప్పమ్మా, అంతే' అని పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా అదే మాట చెప్పేది. నేను కసురుకుంటే, 'నిజం చెప్తే నొప్పి తగ్గుతాదా?' అనేది.

మా కేంద్రానికి దగ్గర్లోనే పట్టుచీరలు నేసే ఇల్లొకటి ఉండేది. ముందుగదిలోనే గుంటమగ్గం. ఆ ఇంట్లో ఒక అవ్వ, ఆమెకు ఒక్కడే కొడుకు, అగళి అనే ఊరి పక్క నుంచి తెచ్చుకున్న కోడలు, వరసగా ముగ్గురు ఆడపిల్లలు. అవ్వ మొగుడు కొడుకు పెండ్లయిన ఏడే మగ్గం గుంటలో కూచున్నట్లే వాలిపోయినాడంట. ఆయప్ప పేరు చెన్నకేశవులు. ఊరి దేవుని పేరు. ఆ వీధిలో నిలబడి ఆ పేరు పెట్టి పిలిస్తే నలుగురు మొగోళ్లు తలలెత్తి చూస్తారు.

అవ్వకు ఒకటే పట్టు. ఆయన మనవడై తిరిగి వస్తాడు, ఆ పేరు వాడికి పెట్టాల. మొదటిసారి ఆడబిడ్డ. రెండోసారీ ఆడబిడ్డే. మూడోసారి ఆడబిడ్డ పుట్టడమే కాదు, ఆ కోడలికి రక్తం ఆగలేదు. ప్రతి కాన్పుకూ పోయినసారి కన్నా ఎక్కువ పోతా వస్తాండాది. ఆసారి ఎట్లనో బయటపడింది. ఇంటికి పోయి చెప్పినా, అవ్వా, ఈ పిల్ల ఇంక కనే మనిషి కాదు, చాలించండి అని. అవ్వ నా మీద అరవలేదు. మెత్తగా చెప్పింది.

"ఆయన బయట నిలబడుకోని ఉండాడు నర్సమ్మా. తలుపు ఎట్ల మూసేది?"

వచ్చేసినా. తిరిగి ఏడాది దాటిందో లేదో, ఆ కోడలు మళ్లా కడుపుతో మా వసారాలో కూచోనుండాది. నన్ను చూసి తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది, కానీ ఎవరి మీద మండాలో తెలీలేదు.

నాలుగో కాన్పు వాళ్లింట్లోనే, పట్టపగలే, ఎండ ఇంకా పడమటికి తిరగనే లేదు. బిడ్డ సులువుగానే వచ్చింది. ఆడబిడ్డ. నేను చూసినా, ఆయా చూసింది, ఇద్దరం ఏమీ అనలేదు. మా కాలంలో ఒక పద్ధతి ఉండేది. మొగబిడ్డ కోసం కాచుకున్న తల్లికి బిడ్డ వెనక మాయ పడేదాకా ఏ బిడ్డో చెప్పకూడదు. గుండె జారితే గర్భసంచి కూడా పట్టు వదిలేస్తాదని మా పెద్ద నర్సులు నూరిపోసినారు. అందులో నిజమెంతో నేను ఇప్పటికీ చెప్పలేను గానీ అందరం పాటించేవాళ్లం.

మాయ పడింది. దాని వెనకే రక్తం మొదలైంది. నేను కడుపు మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతాండా. ఆ పిల్ల మాత్రం 'ఏం బిడ్డమ్మా, ఏం బిడ్డ' అని అదే అడగడం. నేను నోరు మెదపలేదు. మూడుసార్లు కన్న మనిషికి నర్సు నోరు మెదపకపోతే దాని అర్థమేందో తెలీదా? మొహం పాలిపోయింది, కండ్లు పైకి పోతాండాయి. ఆయా అది చూసింది. చూసి తట్టుకోలేకపోయింది.

"మొగబిడ్డేనమ్మా. సింహం మాదిరి ఉండాడు," అనింది.

అది ఆ తల్లికి చెప్పిన మాట. కానీ తలుపవతల అవ్వ నిలబడి ఉందే. ఆ మాట వినంగానే తలుపు తోసుకోని వచ్చి, గుడ్డలో చుట్టిన బిడ్డను ఆయా చేతుల్లోంచి తీసుకోని నేరుగా మగ్గం దగ్గరికి పోయింది. మగ్గం చప్పుడు నిలిచిపోయింది. 'వచ్చినాడురా మీ నాయన' అని కొడుకుతో అనడం నాకు వినపడింది. ఇంకాసేపటికి పక్కిండ్లోళ్లు గుమికూడినారు, ఎవరో చక్కెర పంచుతాండారు. ఆయా నా మొహం చూసింది. నేను ఆయమ్మ మొహం చూసినా. అప్పుడు కొట్టాలనిపించింది, నిజం చెప్పొద్దూ.

బయటికి పోయి నిజం చెప్పే వీలు నాకు లేదు. చెయ్యి తీస్తే రక్తం. ఉన్న సూది మందు వేసేసినా, కొంచెం తగ్గి మళ్లా మొదలైంది. ఇంగ పెద్దాసుపత్రికి తీసుకుపోవాల. అనంతపురం పోయే బండి సాయంత్రం గాని లేదు. హిందూపురం పక్క పోయే పాసింజరు స్టేషన్లో నిలబడి ఉండాదని ఎవరో చెప్పినారు. హిందూపురం ఆసుపత్రి డాక్టరమ్మ నాకు బాగా తెలుసు. మంచంతో సహా ఎత్తండి అన్నా. నేసేవాళ్ల వీధి కదా, మగ్గాలు వదిలేసి మొగోళ్లంతా వచ్చి మంచం భుజాన పెట్టుకున్నారు. నేను పక్కన నడుస్తా, చెయ్యి మాత్రం కడుపు మీదనే. కేంద్రంలో ఇంకొకామె నొప్పులతో ఉండాది కాబట్టి ఆయా స్టేషన్ దాకా వచ్చి వెనక్కి పోవాల. అబద్ధం చెప్పిన మనిషి ప్లాట్‌ఫారం మీద కండ్లు తుడుచుకుంటా నిలబడిపోయింది, దాన్ని మోసుకోని బండెక్కింది నేను.

ఆడోళ్ల పెట్టెలో కింద పరుపు వేసి పండుకోబెట్టినాం. కాళ్ల కింద మూటలు పెట్టి ఎత్తు చేసినా. నేను పక్కన మోకాళ్ల మీద. కొడుకు పక్క పెట్టెలో ఎక్కినాడు, బండి ఆగిన ప్రతి స్టేషన్లోనూ దిగి పరిగెత్తి వచ్చి కిటికీలోంచి చూసి పోతాండాడు. అవ్వ బల్ల మీద, ఒళ్లో బిడ్డ. మనవడు.

బండి కదలంగానే అవ్వ బిడ్డతో మాట్లాడడం మొదలుపెట్టింది. బిడ్డతో అంటే బిడ్డతో కాదు. ఆ కాలంలో ఆడోళ్లు మొగుని పేరు నోటితో పలకరు, మీకు తెలుసో లేదో. ఎవరన్నా అడిగితే పక్కనున్న బిడ్డల చేత చెప్పించేవాళ్లు. ఆ అవ్వ బతుకంతా ఆయన్ని 'ఏమయ్యా' అనే పిలిచిందంట. ఇప్పుడూ అదే పిలుపు. ఏమయ్యా వచ్చినావా, ఇన్నాళ్లు యాడ తిరిగినావు, ముగ్గురు ఆడపిల్లల్ని ముందు పంపించి నువ్వు వెనక నిలబడితివే, నీకు ఎప్పుడూ ఇదే కదా, అందరూ తిన్నాక వచ్చి కూచుంటావు అని. పెట్టెలో ఆడోళ్లంతా నవ్వుకుంటాండారు. నేను తలెత్తకుండా కడుపు నొక్కుతాండా.

కింద ఆ పిల్ల కండ్లు మూసుకోనే ఉండాది గానీ వింటాండాది. అత్త గొంతు వినపడినప్పుడల్లా పెదవుల మీద ఏదో కొంచెం కదిలేది. నా చేతి కింద గర్భసంచి కాసేపు గట్టిపడతాంది, కాసేపు మెత్తబడతాంది. ఇప్పుడీ అవ్వకు నిజం తెలిసి ఒక్క కేక పెట్టిందంటే ఈ పిల్ల నా చేతుల్లోనే పోతాదని నాకు గట్టిగా అనిపించింది. హిందూపురం దాకా ఎవరూ ఆ గుడ్డ విప్పకుండా ఉంటే చాలు దేవుడా అనుకుంటాండా.

ఒక షావుకారమ్మ పక్కకు జరిగి, 'మొగబిడ్డా అవ్వా, ఒకసారి చూపీ' అనింది. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుంది. దిష్టి తగులుతాది, చూపీను పో అనింది. ఆ షావుకారమ్మ మూతి ముడుచుకోని కూచుంది. ఆ దిష్టి భయానికి నేను మనసులో దండం పెట్టినా.

అవ్వ మళ్లా బిడ్డ మీదికి వంగింది. ఈసారి గొంతు తగ్గించింది. నాకు మాత్రమే వినపడేంత దగ్గర.

"ఆ పొద్దు నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దు. కోపానికి అన్నా. అన్నం తినకుండా పోయి మగ్గంలో కూచుంటివి. వచ్చి తింటావులే అనుకుంటి."

అంతదాకా నాకు ఆ ముసలామె మీద మంట. వెర్రి నమ్మకంతో ఒక పిల్ల ప్రాణం తీస్తాందని. ఆ మాట విన్నాక నా మంట యాడికి పోయిందో పోయింది. ఇన్నేండ్లూ ఈమె కాచుకున్నది మనవడి కోసం కాదు, ఆ అన్నం పెట్టడం కోసం. అది తెలిసి నాకు భయం ఇంకా ఎక్కువైంది.

పెనుకొండలో బండి ఆపేసినారు. ఎదురు బండి రావాల, అది వచ్చేదాకా కదలదంట. కిటికీలోంచి కొండ కనపడతాంది. నేను మొదట ఉద్యోగం చేసిన ఊరు, తెలిసినవాళ్లు ఎందరో ఉన్నారు, కానీ దిగి ఎవర్ని పిలిచేది? బండి ఆగంగానే ఉడుకు. బిడ్డ ఏడుపు అందుకుంది. అవ్వ గుడ్డ తడిమి చూసి, తడిసిందని ముడి మీద చెయ్యి వేసింది.

గాలి తగులుతాది, వద్దవ్వా అన్నా. నాకే చెప్తావా నర్సమ్మా అని నవ్వింది. తడి మంచిది, చలవ అని కూడా ఏదో తిక్క మాట అన్నా. నా మొహం చూసి ఆమె నవ్వు ఆపింది. ముడి విప్పింది. విప్పి చూసింది.

ఎంతసేపు చూసిందో. ఏడుస్తాదేమో, బిడ్డను కింద పడేస్తాదేమో, నా మీద పడి కొడతాదేమో అని అన్నిటికీ సిద్ధంగా ఉన్నా, చేతులు మాత్రం తీయలేదు. ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను తల అడ్డంగా ఊపినా, వద్దు, వద్దని. నోటితో చెప్పే వీల్లేదు. సరిగ్గా అప్పుడే కింద ఆ పిల్ల కండ్లు తెరిచింది.

"అత్తా, ఎట్లుండాడు?" అని అడిగింది.

అవ్వ కోడలి పక్కకు వంగింది. ఆ తర్వాత చెప్పింది.

"ఉండాడు లేమ్మా, బాగుండాడు. ముక్కు అచ్చం మీ మామదే. నువ్వు కండ్లు మూసుకో."

తన కొంగు చించి పొడి గుడ్డ చుట్టింది. ముడి గట్టిగా వేసింది. బండి కదిలింది. మళ్లా 'ఏమయ్యా' అని మొదలుపెట్టింది, కోడలికి వినపడేటట్ల, కొంచెం గట్టిగా. హిందూపురం వచ్చేదాకా ఆపలేదు. కానీ ఆ గొంతులో తడి లేదు. ఎదురుగా మనిషి లేడని తెలిసి మాట్లాడేది ఎట్లుంటాదో అట్ల ఉండాది. నేను ఎన్నో ఆసుపత్రుల్లో ఎంతోమంది ధైర్యం చూసినా పిల్లలూ. ఆ పొద్దు ఆ ముసలామె చేసినంత పని నేను చేసుండను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసింది, కొడుకు రక్తం సరిపోయింది, ఎక్కించినారు. చీకటి పడేలోపల ఆ పిల్ల కాళ్లు వెచ్చబడినాయి. ఆడబిడ్డ అని డాక్టరమ్మే మెల్లగా చెప్పింది. ఆ పిల్ల గోడ పక్కకు తిరిగి పండుకుంది, అంతే. డాక్టరమ్మ కొడుకునూ అవ్వనూ వరండాలోకి పిలిచి ఒకటే మాట చెప్పింది. ఇంకో కాన్పంటే ఈమెను నా దగ్గరికి తేవద్దు, తెచ్చినా నేను చేసేదేమీ ఉండదు. మొగోళ్లకు చిన్న ఆపరేషన్ ఉండాది, ఒక పూట పని, నువ్వు చేయించుకో అని కొడుకుతో అనింది. ఆయప్ప అమ్మ మొహం చూసినాడు. అమ్మ నేల చూసింది. 'ఇంటికి పోయి మాట్లాడుకుంటాం' అన్నాడు. ఆ మాటంటే ఏమని అర్థమో నాకు తెలుసు.

డాక్టరమ్మ లోపలికి పోంగానే అవ్వ నా దగ్గరికొచ్చింది.

"నా మొగుణ్ణి నా చేతిలో పెట్టినారు. పెట్టి మళ్లా లాక్కున్నారు. మీకేం పాపం చేసినా నర్సమ్మా?"

పాపం నాది కాదు, ఆయాది అని తప్పించుకోవచ్చు. అప్పుడు నాకు వచ్చింది కోపమే. మేము ఒక్కసారి చెప్పినాం అవ్వా అబద్ధం, నువ్వు పెనుకొండ నుంచి ఈడిదాకా చెప్పినావే, ఎందుకు చెప్పినావు అని అడిగినా. అడిగినాక నేనే మెత్తబడి, ఆయన రావాలనుకుంటే ఆడబిడ్డగా రాకూడదా, ఆ పేరేదో దీనికే పెట్టి ఇంతటితో చాలించండి అన్నా. అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్ల చూసింది.

ఆయన మీసాలుండే మనిషి అనింది. సరే, అదైనా పోనీ అనింది. రేపు ఇది ఇంకో ఇంటికి పోతాది. ఆడ దీని అత్త ఆ పేరు పెట్టి పిలిచి అంట్లు తోమమంటాది. తోమకపోతే ఆ పేరు పెట్టే తిడతాది. మా ఆయన్ని ఎవరో తిడతా ఉంటే నేను బతికుండి వినాల్నా? ఇంట్లో పెట్టిన పేరు ఇంట్లో ఉండాల గదా నర్సమ్మా, ఇది దాన్ని మూటకట్టుకోని పోతాదే?

నేను లోపలికి, ఆ పిల్ల మంచం దగ్గరికి పోయినా.

రెండు మూడు పొద్దులకు నల్లచెరువు నుంచి అవ్వ తమ్ముడు వచ్చినాడు. పండ్లు తెచ్చినాడు, దాంతోబాటు అవ్వ కొడుక్కి ఒక సంబంధం తెచ్చినాడు. ఆయప్ప మనవరాలు పెండ్లికి ఉండాదంట. రెండో పెండ్లి ఇప్పుడు చట్టం ఒప్పదు కదప్పా అని నేను నోరు జారితే, చట్టం ఏమన్నా వచ్చి మా ఇంటి పేరు నిలబెడతాదామ్మా అన్నాడు. దీన్ని బిడ్డలతో అగళికి పంపిస్తే సరి అని మంచం పక్కనే నిలబడి చెప్పినాడు. మంచం మీద మనిషి ఉండాదనే తలంపే లేదు. అవ్వ ఊ అనలేదు, ఊహూ అనలేదు.

అగళిలో ఆ పిల్లకు ఎవరున్నారు? ముసలి నాయన, అంతే. ఆయప్పకే తిండికి కష్టం. ఆ పొద్దు నుంచి ఆమె అన్నం ముట్టలేదు. నేను కోప్పడితే నా చెయ్యి పట్టుకుంది. ఇంకోసారి కంటానమ్మా, డాక్టరమ్మకు మాత్రం చెప్పొద్దు అనింది. చచ్చిపోతావే అన్నా. పోతే ఆ ఇంట్లోనే పోతా గదా అనింది. పిల్లలూ, అప్పుడు నాకు వచ్చిన ఏడుపు నేను ఎవరికీ చూపించలేదు.

ఊరికి తిరిగి వచ్చినాక పేరు పెట్టే దినం పెట్టుకున్నారు. నన్ను పిలిచినారు. ఆయాను పిలవలేదు, అయినా వచ్చింది, వచ్చి గుమ్మం బయటే నిలబడింది. మగ్గం గదిలోనే దూలానికి చీర కట్టి ఉయ్యాల వేసినారు. నల్లచెరువు తమ్ముడు పెద్దరికంగా నడిమధ్యన కూచోనుండాడు. కొడుకు గోడకానుకోని నిలబడినాడు. ఆ పిల్ల లోపలి గుమ్మం దగ్గర, తలుపు రెక్క పట్టుకోని. ఆ పొద్దు ఏ పేరు పలికితే ఆ పిల్ల బతుకు అదే అని ఆ గదిలో అందరికీ తెలుసు.

తమ్ముడే మధ్యేమార్గం చెప్పినాడు. చెన్నమ్మ అని పెట్టక్కా, దేవుని పేరు వచ్చినట్లూ ఉంటాది, బావ పేరు బావకే మిగిలినట్లూ ఉంటాది, రేపు పుట్టబోయే మొగబిడ్డకు దాచుకుందాం అని. మంచి మాట మాదిరే ఉండాది చూడండి. ఆ మంచి మాట వింటా ఉంటే గుమ్మంలో ఆ పిల్ల చేతి వేళ్లు తెల్లబడినాయి. రేపు పుట్టబోయే మొగబిడ్డ ఎవరి కడుపులో అని ఎవరడుగుతారు?

బిడ్డ చెవిలో పేరు మేనత్త చెప్పాల. అవ్వకు కూతుర్లు లేరు, ఇంట్లో పెద్దాడదిగా చెప్పాల్సింది ఆమే. ఉయ్యాల పక్కన కూచుంది. బిడ్డ మొహం చూస్తా ఉండిపోయింది. తమ్ముడు 'చెప్పక్కా, చెన్నమ్మ' అని రెండుసార్లు అందించినాడు. ఆమె వినపడనట్లే ఉండాది. పెదవులు తడుపుకుంటాది, వంగుతాది, మళ్లా లేస్తాది. నేను నా చేతులు నేనే పట్టుకోని కూచున్నా, రైల్లో మాదిరే ఏమీ చేయలేక.

వంగింది. చెవిలో చెప్పాల్సిన పేరు ఇల్లంతా వినపడేటట్ల చెప్పింది.

"చెన్నకేశవులూ."

గొంతు పగిలింది. వీధి చివర పోతాండే మనిషిని పిలిచినట్ల ఉండాది ఆ పిలుపు. అక్కడున్న ముసలోళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అక్కా, మొగుని పేరు, ఏం పని ఇది అని తమ్ముడు లేచి నిలబడినాడు. ఆమె తమ్ముని పక్క చూడలేదు. ఇంకోసారి పలికింది. మూడోసారి పలికేటప్పటికి గొంతు సర్దుకుంది, మామూలుగా ఎవరినో అన్నానికి పిలిచినట్లే వచ్చింది. ఆ తర్వాత కొడుకును చూసింది.

"మీ నాయన వచ్చినాడురా. ఇంగ ఎవురూ రావాల్సిన పని లేదు. పో, ఆ డాక్టరమ్మ చెప్పింది చేయించుకోని రా."

తమ్ముడు ఊరుకుంటాడా? రేపు ఇది ఇంకో ఇంట్లో అంట్లు తోముతాదే, బావ పేరు పెట్టుకోని అన్నాడు. ఆ మాట అవ్వ తనతోనే ఎన్నిసార్లు అనుకోనుంటుందో.

"తోమితే తోమనీ. బతికినన్నాళ్లు ఒక్క చెంబు కడిగిన మనిషి కాదు, ఈసారన్నా నేర్చుకోనీ," అనింది. నీ మనవరాలికి వేరే సంబంధం చూసుకోప్పా అని కూడా మెల్లగా చెప్పింది.

కొడుకు మాట దాటలేదు. ఆ వారమే హిందూపురం పోయి వచ్చినాడు. ఆ బిడ్డ పెరిగి బడికి పోయింది. మొదటి పొద్దు హాజరు పిలిస్తే రెండు జడల పాప లేచి నిలబడిందంట, పంతులు కూచో అని, పిల్లోణ్ణి లేపమన్నాడంట. పాప కూచోలేదంట. ఆ వీధిలో ఆ తర్వాత పుట్టిన మొగబిడ్డలకు ఆ పేరు పెట్టడం తగ్గిందనే మాట కూడా విన్నా. ఉండొచ్చు. నేను చెప్పినా గదా, పోయిన పేరు తిరిగి రాదు. అవ్వ భయపడిందీ అదే, తెలిసే ఇచ్చింది.

పేరు పెట్టిన ఆ పొద్దు ఇంకొకటి జరిగింది. అందరూ ఉయ్యాల చుట్టూ చేరినప్పుడు నేను లోపలి గుమ్మం దగ్గరికి పోయినా. ఆ కోడలు పిల్ల అట్లనే తలుపు రెక్క పట్టుకోని నిలబడి ఉండాది. ఏడవలేదు, నవ్వలేదు. నా చెవి దగ్గరికి వంగి, పెద్దవాళ్లను ఏదో సెలవడిగినట్ల అడిగింది.

"అయితే ఇంగ నేను బతకొచ్చునా, నర్సమ్మా?"

బతుకు తల్లీ, అన్నా.